గడ్డి కోలుకునే గడువు

(పశుగ్రాస ధర్మనిధి స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ మేష్టారు మాకు కాలేజీలో మేత పాఠం చెప్పారు. పశువుకు జబ్బు చేసిందని ఎవరొచ్చినా ఆయన మూడు ప్రశ్నలు వేసేవారు. ఏం మేసింది? ఎక్కడ మేసింది? ఆ చోట అంతకుముందు ఎప్పుడు మేసింది? మొదటి రెండింటికీ రైతు టక్కున జవాబు చెప్పేవాడు. మూడోదానికి తల గోక్కునేవాడు. మా తరగతిలో కూడా చాలామందిమి ఆ మూడో ప్రశ్నను మేష్టారి చాదస్తం కింద జమకట్టాం. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ ప్రశ్న గురించే.

అందుకోసం మిమ్మల్ని కొంచెం దూరం, అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి తీసుకెళ్తాను. అక్కడ పశువుల్ని పెంచేది మాంసం కోసం. ఈ సభలో కొందరికి ఆ మాట రుచించకపోవచ్చు. నేను దాన్ని సమర్థించడానికీ రాలేదు, ఖండించడానికీ రాలేదు. ఆవును ఎందుకు పెంచుతున్నారన్నది గడ్డికి పట్టదు. దాని ఆకును ఎంత ఎత్తున కొరికారు, మళ్లీ ఎన్నాళ్లకు వచ్చి కొరికారు అన్నదే దానికి లెక్క.

మిసిసిపీ నదికి తూర్పున మాంసపు పశువులు ఎక్కువగా ఉన్న రాష్ట్రం కెంటకీ. అయితే మనం సినిమాల్లో చూసిన గుర్రాల మీది కౌబాయిలు, వేల ఎకరాల రాంచ్‌లు అక్కడ కనిపించవు. ఎగుడుదిగుడు నేల, సున్నపురాయి కొండలు, ప్రతి పొలంలో ఒక చిన్న చెరువు, ఒక పాత పొగాకు కొట్టం. మన ప్రకాశం జిల్లాలో లాగే అక్కడా పొగాకూ పశువులూ పక్కపక్కనే బతికాయి. 2004లో అమెరికా ప్రభుత్వం పొగాకు కోటాలకు పరిహారమిచ్చి ఆ పద్ధతి ఎత్తేశాక చాలా కుటుంబాలు పొగాకు వదిలి ఆవుల మీదే ఆధారపడ్డాయి. ఒక్కో కుటుంబానికి ముప్పై, నలభై తల్లి ఆవులు. భార్యాభర్తల్లో ఒకరికైనా బయట ఉద్యోగం. ఈ రైతు మాంసం అమ్మడు, దూడను అమ్ముతాడు. ఏడు నెలల వయసులో, 500 నుంచి 600 పౌండ్ల బరువున్నప్పుడు పాలు మాన్పించి, దగ్గరి పశువుల సంతలో వేలానికి పెడతాడు. అక్కడినుంచి ఆ దూడ కాన్సస్‌కో నెబ్రాస్కాకో పోయి మొక్కజొన్న తిని బలుస్తుంది. కాబట్టి కెంటకీ రైతు నిజంగా చేసేది గడ్డిని దూడగా మార్చి అమ్మడం. ధాన్యం కొని పెడితే ఆ లెక్క కుదరదు. ఏడాదిలో ఎన్ని రోజులు ఆవు తన మేతను తానే కోసుకు తింటే ఆ ఇంటికి అంత మిగులు.

ఇక గడ్డి సంగతి. పశువు కొరికిన తర్వాత గడ్డి ఎలా కోలుకుంటుందో మొదట స్పష్టంగా రాసినవాళ్లలో ఆంద్రే వాజాన్ ముఖ్యుడు. ఫ్రాన్సులో నార్మండీ ప్రాంతపు రైతు, జీవరసాయనం చదువుకున్నవాడు. 1957లో గడ్డి దిగుబడి మీద ఆయన వేసిన పుస్తకం చాలా భాషల్లోకి వెళ్లింది. 1964లో కాస్ట్రో ఆహ్వానం మీద క్యూబా వెళ్లి ఉపన్యాసాలిస్తూ హవానాలోనే చనిపోయాడు. సొంత ఆవుల వెంట నడుస్తూ ఆయన గమనించింది ఇది: కొరికిన గడ్డి మొదట్లో చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఆకు కాస్త పరుచుకున్నాక ఒక్కసారిగా దూసుకొస్తుంది, వెన్ను వేసే వేళకు మళ్లీ మందగిస్తుంది. ఆ నెమ్మది దశలోనే ఆవు తిరిగొచ్చి కొరికితే మొక్క మోట్లో దాచుకున్నదంతా అయిపోతుంది. వారంపాటు ఒకే మడిలో ఆవుల్ని ఉంచామనుకోండి. నాలుగో రోజుకే మొదటి రోజు కొరికిన పిలక చిగురిస్తుంది, ఆ లేత చిగురే ఆవుకు ఇష్టం. పెళ్లిభోజనంలో పిల్లలు కూరలన్నీ వదిలేసి అప్పడాలు ఏరుకున్నట్టు, ముదురు గడ్డిని వదిలి దాన్నే మళ్లీ కొరుకుతుంది. ఫలితంగా ఒకే మడిలో ఒకచోట మొక్కలు అతిమేతతో చస్తుంటాయి, పక్కనే ఇంకోచోట ఎవరూ ముట్టక ముదిరి ఎండిపోతుంటాయి. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం పచ్చగా, సరిపడా మేత ఉన్నట్టే కనిపిస్తుంది.

వాజాన్ కంటే రెండేళ్ల ముందు, 1955లో, అమెరికా వ్యవసాయ శాఖలో ఫ్రాంక్లిన్ క్రైడర్ ఈ సంగతినే నేల కింద చూశాడు. గడ్డి ఆకును వేర్వేరు పాళ్లలో కోసి, వేళ్లు ఏం చేస్తున్నాయో గమనించాడు. ఆకులో సగం కోస్తే వేళ్లు దాదాపు పట్టించుకోలేదు. 60 శాతం కోస్తే సగం వేళ్లు పెరగడం మానేశాయి. 80 శాతం కోస్తే అన్నీ ఆగిపోయాయి. సగానికీ ఎనభైకీ మధ్య ఇంత తేడా ఉంటుందని పైనుంచి చూసి ఎవరూ ఊహించలేరు. సగం తిననివ్వు, సగం వదిలెయ్యి అని అక్కడి విస్తరణాధికారులు రైతులకు చెప్పే మాటకు పునాది ఈ ప్రయోగమే.

మరి కెంటకీ కొండల్లో ఈ సూత్రాన్ని పట్టించుకోకుండా తరాల తరబడి ఎలా నెట్టుకొచ్చారు? ఎనిమిది నెలలు ఒకే బీట్లో ఆవుల్ని వదిలేసినా గడ్డి ఎందుకు చావలేదు? ఎందుకంటే అక్కడి గడ్డి అలాంటిది. ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది.

1931లో కెంటకీ విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ ఇ.ఎన్. ఫర్గస్ మెనిఫీ కౌంటీలోని ఒక కొండవాలు పొలం చూడడానికి వెళ్లాడు. చుట్టుపక్కల గడ్డంతా గోధుమరంగుకు తిరిగినా ఆ వాలు మాత్రం పచ్చగా ఉండేదని జనం చెప్పుకునేవారు. యూరప్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ టాల్ ఫెస్క్యూ అది. విత్తనం తెచ్చి ఏళ్లపాటు పరీక్షించి 1943లో కెంటకీ-31 అన్న పేరుతో విడుదల చేశారు. కరువుకు ఆగింది, బురదకు ఆగింది, తొక్కుడుకు ఆగింది, ఆమ్ల నేలలో మొలిచింది, కోతపడ్డ వాలుల్ని పట్టి నిలిపింది. రోడ్ల పక్కనా ఆనకట్టల మీదా కూడా అదే వేశారు. మిస్సోరీ నుంచి కరొలైనాల దాకా సుమారు మూడున్నర కోట్ల ఎకరాల్లో పరుచుకుంది. ఏ పశుగ్రాస శాస్త్రజ్ఞుడికైనా అంతకంటే కావలసిందేముంది?

కానీ పశువులు మాత్రం కులాసాగా ఉండేవి కావు. ఎండలు ముదిరే జూన్ చివరికి ఆ బీళ్లలో ఒక దృశ్యం అందరికీ అలవాటే. మోకాలి ఎత్తు గడ్డి అలాగే ఉంటుంది, ఆవులు మాత్రం పొద్దుటి నుంచీ చెరువులో పొట్టలోతు నీళ్లలో నిలబడి ఉంటాయి. నోరు తెరిచి రొప్పుతుంటాయి, చొంగ కారుతుంటుంది. చలికాలపు బొచ్చు జులై వచ్చినా రాలక, ఎండకు ఎర్రబారి జడలు కట్టి ఉంటుంది. దూడలు బరువు పెరగవు, ఎద్దును కలిపినా కొన్ని ఆవులు చూడు నిలవవు. చలికాలంలో ఇంకో రకం. వెనక కాలు కుంటుతూ మొదలై, గిట్ట పైన ఎర్రగా వాచి, ముదిరితే గిట్టే ఊడొస్తుంది. తోక కొసలు, చెవి కొసలు ఎండి రాలిపోతాయి. ఎండాకాలం వాటికీ చలికాలం వాటికీ వేర్వేరు పేర్లు పెట్టారు గానీ రెంటికీ కారణం ఒకటేనని చాలాకాలం ఎవరికీ తట్టలేదు. గడ్డిని ప్రయోగశాలలో పరీక్షిస్తే మాంసకృత్తులు బాగానే ఉన్నాయి, జీర్ణమయ్యే గుణమూ బాగానే ఉంది. కాగితం మీద మంచి మేత.

గుట్టు తెలిసింది 1970ల్లో, జార్జియా రాష్ట్రంలో. ఒకే పొలంలో రెండు ఫెస్క్యూ బీళ్లు. ఒకదానిలో పశువులు నిక్షేపంగా ఉన్నాయి, రెండోదానిలో జబ్బుపడుతున్నాయి. ఏథెన్స్ పట్టణంలోని వ్యవసాయ శాఖ ప్రయోగశాల నుంచి చార్ల్స్ బేకన్, ఆయన సహచరులు రెండింటి నుంచీ మొక్కలు తెచ్చారు. కాండం లోపలి మెత్తటి బెండును సూదిమొనతో గీకి, గాజు పలక మీద పరిచి, నీలిరంగు ద్రవం ఒక చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. జబ్బు బీటిలోని మొక్కల్లో కణాల మధ్యగా, వంకరటింకరగా, సన్నని నీలి దారాలు. శిలీంధ్రం! ఆరోగ్యంగా ఉన్న బీటిలో అది అరుదు. 1977లో ఈ సంగతి ప్రకటించారు. మన వరిలో అగ్గితెగులులా ఇది ఆకు మీద మచ్చ వెయ్యదు, బయటికి బీజాలు విడవదు, పక్క మొక్కకు అంటదు. మొక్క లోపలే పుట్టి, విత్తనంలోకి ఎక్కి, ఆ విత్తనంతోనే తర్వాతి తరానికి పోతుంది. అందుకే అన్నేళ్లు ఎవరి కంటా పడలేదు.

ఆ శిలీంధ్రం ఎర్గోవలీన్ అనే ఆల్కలాయిడ్‌ను తయారుచేస్తుంది. సజ్జ వెన్ను మీద వచ్చే తేనెబంక తెగులు మనకు తెలుసు, ఆ ఎర్గాట్ కుటుంబంలోదే. పశువు ఒంట్లో అది చేసే ముఖ్యమైన పని రక్తనాళాల్ని ముడుచుకుపోయేలా చెయ్యడం. చర్మానికి రక్తం చాలక ఎండాకాలంలో ఒంటి వేడి బయటికి పోదు, అందుకే చెరువులో నిలబడడం. చలికాలంలో కాళ్ల కొసలకు రక్తం చేరదు, అందుకే గిట్ట ఊడడం. రెండు జబ్బులూ ఒకటయ్యాయి. అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని త్రాసు మీద తూచి చూపించారు. బీట్లో శిలీంధ్రమున్న మొక్కలు 10 శాతం పెరిగిన ప్రతిసారీ పశువు రోజుకు పెరిగే బరువు 0.1 పౌండు తగ్గుతుంది. 1993లో కార్ల్ హోవ్‌లాండ్ లెక్కగట్టిన దాని ప్రకారం మాంసపు పశువుల రైతులకు ఏటా 60 కోట్ల డాలర్లు నష్టం. కెంటకీలో ధనవంతుల గుర్రాల కథ వేరు. చూలు గుర్రాలను ఈనే ముందు రెండు మూడు నెలలు ఫెస్క్యూ మీద నుంచి తప్పిస్తారు, లేకపోతే కాన్పు కష్టమవుతుంది, పాలు పడవు. గుర్రపు దూడ ఖరీదు ఎక్కువ గనక ఆ జాగ్రత్త అక్కడ ఎవరూ మరచిపోరు.

శిలీంధ్రం దొరికింది గనక తీసెయ్యడమే అనుకున్నారు. నిల్వ ఉంచిన విత్తనంలో అది ఏడాది రెండేళ్లలో చచ్చిపోతుంది. అలా శిలీంధ్రం లేని విత్తనం 1980ల్లో బజారుకొచ్చింది. పశువులు భేషుగ్గా పెరిగాయి. గడ్డి మాత్రం రెండు మూడేళ్లలో పలచబడి మాయమైంది. పురుగు కొట్టింది, కరువుకు ఎండింది, అదివరకటిలా ఏడాది పొడుగునా మేపితే చచ్చిపోయింది. అప్పుడు అర్థమైంది: కెంటకీ-31కి ఆ మొండితనం ఇచ్చింది ఆ శిలీంధ్రమే. రైతు గడ్డికి విరామం ఇవ్వకపోయినా గడ్డి బతికింది. ఇవ్వని ఆ విరామానికి మూల్యం ఆవు చెల్లించింది. ఈ మాట చెప్పడానికే నేను ఈ కథంతా ఎత్తుకున్నాను. ఎంత నిర్లక్ష్యాన్నయినా ఓర్చుకునే మేత దొరికిందని మనం సంబరపడిన ప్రతిచోటా ఆ ఓర్పు ఎక్కణ్ణుంచి వస్తోందో ఒకసారి చూసుకోవాలి.

తర్వాతి తరం పరిష్కారం న్యూజిలాండు వాళ్ల సాయంతో వచ్చింది. శిలీంధ్రాల్లోనే ఎర్గోవలీన్ తయారుచెయ్యని రకాలున్నాయి. వాటిని వెతికి, శిలీంధ్రం లేని ఫెస్క్యూలోకి ఎక్కించారు. జార్జియా విశ్వవిద్యాలయంలో జో బౌటన్ బృందం ఇలా చేసిన విత్తనం 2000 ప్రాంతంలో మాక్స్‌క్యూ పేరుతో అమ్మకానికొచ్చింది. మొక్కకు రక్షణ ఉంటుంది, పశువుకు విషం ఉండదు. ఇంత మంచిది వచ్చి ఇన్నేళ్లయినా పాత ఫెస్క్యూ ఇంకా అధికభాగం అలాగే ఎందుకుంది? పాతదాన్ని మందు కొట్టి చంపి, మధ్యలో మరో పంట వేసి, మళ్లీ విత్తి, గడ్డి నిలదొక్కుకునేదాకా పశువుల్ని దింపకూడదు. దాదాపు ఏడాది మేత పోతుంది. వాలు నేల అయితే మట్టి కొట్టుకుపోతుంది. కౌలుకు తీసుకున్న పొలంలో ఆ ఖర్చు ఎవడు పెడతాడు? శాస్త్రం చెప్పిన పనీ రైతు లెక్కా ఎప్పుడూ ఒకే దారిన నడవవు. నేనయితే రైతును తప్పుపట్టను.

ఆ రైతు చేసేది ఇంకోటుంది, అది నాకు చాలా ఇష్టమైన పని. ఫిబ్రవరిలో, రాత్రి నేల గడ్డకట్టి పగలు కరుగుతున్న రోజుల్లో, ఎకరాకు 6 నుంచి 8 పౌండ్ల ఎర్ర క్లోవర్ విత్తనం బీటి మీద చల్లి ఊరుకుంటాడు. దున్నడు, గొర్రు తోలడు. గడ్డకట్టడం, కరగడం, ఆ నేల పగుళ్లే విత్తనాన్ని లోపలికి లాక్కుంటాయి. ముందే ఆవుల చేత గడ్డిని పొట్టిగా మేపించి ఉంచితే చాలు. క్లోవర్ మన పిల్లిపెసర లాంటి కాయజాతి మేత, గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. మేతలో ఫెస్క్యూ వాటా తగ్గి విషం పలచబడుతుంది. ఇంతవరకూ పాతకాలం నుంచీ తెలిసిందే. లెక్సింగ్టన్‌లోని వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు తర్వాత కనుక్కున్నది ఇంకా బాగుంది: ఎర్ర క్లోవర్లో ఉండే బయోకానిన్-ఎ అనే పదార్థం ముడుచుకున్న రక్తనాళాల్ని వదులు చేస్తుంది. ఎర్గోవలీన్ బిగిస్తే ఇది సడలిస్తుంది. అయితే క్లోవర్ నిలవాలంటే దానికి వెలుతురు కావాలి, పైన ఫెస్క్యూ ముసురుకోకూడదు. అంటే పశువుల్ని సరైన వేళకు దింపాలి, సరైన వేళకు తియ్యాలి. మళ్లీ అక్కడికే వచ్చాం.

తీగ సంగతి కూడా చెప్పాలి. ఈ మడి నుంచి ఆ మడికి పశువుల్ని తిప్పాలంటే పాతకాలంలో రాతిగోడలు, ముళ్లకంచెలు కట్టాలి, అది ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదు. న్యూజిలాండులో 1930ల్లో బిల్ గాలగర్ తయారుచేసిన కరెంటు కంచె దీన్ని మార్చేసింది. ఇప్పుడు కెంటకీలో సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చిన రైతు చేతిలో ఒక చక్రం, దాని మీద సన్నని ప్లాస్టిక్ నూలు, ఆ నూలులో కలిసి ఉన్న లోహపు పోగులు. కాలితో తొక్కితే నేలలో దిగే ప్లాస్టిక్ గుంజలు ఒక చంకలో. పాత తీగ కంటే ముందుకు నడుస్తూ కొత్త తీగ కట్టుకుపోతాడు, తర్వాత పాతది చుట్టేస్తాడు. ఆవులకు ఆ చక్రం తిరిగే చప్పుడు తెలుసు, తీగ దగ్గర వరసకట్టి నిలబడతాయి. తీసిన మరుక్షణం తలలు దించేస్తాయి, ఆ తర్వాత మీరు పిలిచినా చూడవు. ఆ రైతు కొత్త మడిలోకి దింపేముందు గడ్డి మధ్యలో బూటు పెట్టి చూసుకుంటాడు. ఎనిమిది నుంచి పది అంగుళాలు ఉంటే దింపుతాడు. మూడు నాలుగు అంగుళాలు మిగిలాయంటే తీసేస్తాడు. వసంతంలో రెండు మూడు వారాలకే గడ్డి తిరిగి సిద్ధమవుతుంది, ఎండాకాలంలో నెలన్నర పట్టొచ్చు. తేదీని బట్టి తిప్పేవాడు ఎప్పుడో దెబ్బతింటాడు, గడ్డిని బట్టి తిప్పేవాడే నిలబడతాడు.

నీళ్లు దూరమైతే మాత్రం ఎన్ని తీగలు లాగినా దండగ. మిస్సోరీలో లినియస్ పరిశోధన కేంద్రం వాళ్లు చూసినదాన్ని బట్టి నీళ్లతొట్టి 800 అడుగుల లోపు ఉంటే ఆవు ఒక్కతే వెళ్లి తాగి వచ్చి మేత మేస్తుంది. అంతకంటే దూరమైతే మంద మొత్తం కలిసి వెళుతుంది, అక్కడే పడుకుంటుంది, అక్కడే పేడ వేస్తుంది. మడి చివరి గడ్డి ఎవరూ మెయ్యరు, తొట్టి చుట్టూ నేల నున్నగా అయిపోతుంది. తీగలకూ నీళ్ల గొట్టాలకూ అక్కడి ప్రభుత్వం 1996 వ్యవసాయ చట్టంతో మొదలైన పథకం కింద ఖర్చులో కొంత భరిస్తోంది.

ఈ మొత్తం లెక్కలో అసలు బరువంతా చలికాలం మీద ఉంది. 1200 పౌండ్ల ఆవు రోజుకు దాదాపు 30 పౌండ్ల ఎండుమేత తింటుంది. నలభై ఆవులకు 1200 పౌండ్లు, అంటే ఇంచుమించు ఒక పెద్ద గుండ్రటి బేలు. నాలుగు నెలలు తినిపిస్తే నూటఇరవై బేళ్లు, వృథా కాకుండా ఉంటేనే. అలా ఉండదు. అయిదడుగుల అడ్డుకొలత ఉన్న బేలును వానలో బయట వదిలేసి, పైన ఆరంగుళాలు కుళ్లిందనుకోండి. ఆరంగుళాలే కదా అనిపిస్తుంది, లెక్కేసి చూడండి, బేల్లో మూడోవంతు పైన పోయినట్టే. మన గడ్డివాము కట్టేవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు, వాన నీరు జారిపోయేలా పైన ఏటవాలుగా నేస్తారు. ట్రాక్టరు వచ్చాక అమెరికా రైతు ఆ నేర్పును పక్కనపెట్టాడు.

గడ్డి కొయ్యకుండా మేపగలిగితే? కెంటకీ-31కి ఇక్కడ ఒక గుణం పనికొచ్చింది. ఆగస్టు మొదట్లో పశువుల్ని తీసేసి, ఎకరాకు 40 నుంచి 60 పౌండ్ల నత్రజని వేసి, బీటిని మూసేస్తారు. శరత్తులో వచ్చిన పెరుగుదలంతా నిలవ ఉంటుంది. నవంబరు తర్వాత మంచు పడినా ఆకు మైనం పూసినట్టు నిలబడుతుంది. శీతాకాలం గడిచిన కొద్దీ ఎర్గోవలీన్ కూడా తగ్గుతుంది. అప్పుడు తీగ జరుపుతూ కొంచెం కొంచెంగా మేపుతారు. లినియస్‌లో మూడు రోజులకు సరిపడా ఇస్తూ పోయిన మందకు, రెండు వారాల మేతను ఒకేసారి ఇచ్చిన మంద కంటే ఎకరాకు దాదాపు 40 శాతం ఎక్కువ రోజులు గడిచాయి. గడ్డి ఒకటే, ఆవులు అవే. తొక్కుడూ పేడా పడి పాడయ్యేది తగ్గింది, అంతే. ఆగస్టులో మూసెయ్యడమే కష్టం. అదే వేళకు మిగతా పొలమంతా ఎండి ఉంటుంది, ఆవులు అరుస్తుంటాయి, కంచె అవతల పచ్చగా ఊరిస్తుంటుంది. అక్కడ నిగ్రహించుకున్నవాడు జనవరిలో బేలు విప్పడు.

ప్రమాదాలు క్లుప్తంగా చెబుతాను, విద్యార్థులు పుస్తకంలో చదువుకుంటారు. మార్చి, ఏప్రిల్‌లలో కొత్త గడ్డిలో మెగ్నీషియం చాలక పాలిచ్చే ఆవులు వణికి పడిపోతాయి, అందుకే ఫిబ్రవరి నుంచే ఖనిజ మిశ్రమంలో కలుపుతారు. క్లోవర్ మరీ ఎక్కువైతే పొట్టుబ్బు. ఇక జొన్న జాతి గడ్డి కరువులోనో మంచు తగిలాకో సయనైడు విషం చేస్తుంది. మన జొన్న చేలల్లో కోసిన మోళ్ల మీద మొలిచిన లేత పిలకలు తిని పశువు ఉన్నచోటే కూలిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు, హైపో పట్టుకుని పరుగెత్తే ఉంటారు. అక్కడ జాన్సన్ గడ్డి అని కలుపుగా పెరిగేది మన జొన్నకు చుట్టమే, విషం కూడా అదే.

తెలుగునేల పశువులు ఈ కథలో లేవనుకోకండి. అమెరికాలో దక్షిణపు వేడి రాష్ట్రాల కోసం తయారుచేసిన బ్రాహ్మణ్ జాతిలో గిర్, గుజరాత్ జాతులతో పాటు మన ఒంగోలు రక్తం ఉంది. బ్రెజిల్‌లో అయితే అధికభాగం మాంసపు మంద మన ఒంగోలు సంతతే, నెల్లూరు పేరుమీదే నెలోరి అంటారు. ఒంగోలు పక్కనే ఉన్న కరవది పేరున్న ఆబోతు 1960ల మొదట్లో అక్కడికి వెళ్లి ఆ జాతికి మూలపురుషుల్లో ఒకటైంది. ఆ మందలకు వేసిన గడ్డి ఆఫ్రికాది. బ్రాకియేరియాలో మరందు అనే రకాన్ని 1984లో ఎంబ్రాపా సంస్థ విడుదల చేసింది, అది ఖండమంతా పాకింది. అక్కడా కెంటకీ కథే. నీరు నిలిచే నేలల్లో మరందు గుంపులు గుంపులుగా చచ్చింది, అతిమేతతో లక్షల హెక్టార్లు పాడుబడ్డాయి. ఆ తర్వాత వాళ్లు పట్టుకున్న కొలబద్ద తేదీ కాదు, ఎత్తు. ఆకుల గుబురు పడే వెలుతురులో 95 శాతాన్ని అడ్డుకునే ఎత్తుకు చేరగానే పశువుల్ని దింపాలి. మరందుకు అది 25 సెంటీమీటర్లు, మొంబాసా గినీగడ్డికి 90. స్కేలు పట్టుకున్న పాలేరు చాలు.

ఒక సందేహానికి జవాబు చెప్పకపోతే నిజాయితీ కాదు. మడులు మార్చి మేపడం వల్ల ఎడారులు పచ్చబడతాయనీ భూతాపం తగ్గిపోతుందనీ ప్రచారం చేసేవాళ్లున్నారు. 2008లో డేవిడ్ బ్రిస్కీ బృందం పాత ప్రయోగాలన్నీ తిరగేసి, మెట్ట బయళ్లలో మడులు మార్చినందువల్ల మాత్రమే మేతగానీ బరువుగానీ పెరిగిన దాఖలా లేదని తేల్చింది. అక్కడ ముఖ్యమైంది ఎకరాకు ఎన్ని పశువులన్నది. నేను ఆ మాటను నమ్ముతాను. ఏడాదికి 1100 మిల్లీమీటర్లకు పైగా వానపడే కెంటకీలో గడ్డి కొన్ని వారాల్లోనే కోలుకుంటుంది గనక తీగ జరిపితే ఫలితం దక్కుతుంది. 550 మిల్లీమీటర్ల అనంతపురంలో ఒకసారి దెబ్బతిన్న గడ్డి మళ్లీ జూన్ వానదాకా కోలుకోదు, అక్కడ తీగ జరిపితే ఒరిగేది తక్కువ.

మరి మనం ఏం చెయ్యాలని అడుగుతారు. సొంత పొలంలో సూపర్ నేపియర్, కో-4 వేసుకున్నవాళ్లతో మొదలుపెట్టండి. నలభై, నలభై అయిదు రోజులకు కొయ్యండి, నేలకు ఆనించి కొయ్యకండి, జానెడు కాకపోయినా బెత్తెడు మోడు వదలండి. మన పాడిరైతులు ఎక్కువమంది ఆ బెత్తెడు కూడా కోసి గాట్లో వేస్తారు, రెండేళ్లకే పిలకలు తగ్గాయని విత్తనాన్ని తిడతారు.

మందబయలు, బంచరాయి, కొండవాలు, వీటి దగ్గరే అసలు చిక్కు. కెంటకీలో నిర్ణయం ఒక కుటుంబానిది, తీగ లాగితే అయిపోతుంది. ఊరుమ్మడి మేతబీడు మీద తీగ లాగే హక్కు ఎవరికీ లేదు. ఉన్నది మాటే. తొలకరి పడ్డాక ఏ గుట్ట వైపు గొర్రెలు పోకూడదు, ఎన్నాళ్లు పోకూడదు, గడ్డి వెన్ను వేసి విత్తనం రాల్చేదాకా ఆగుదామా అని గొల్లలు, కురుమలు, ఆవులున్నవాళ్లు, పంచాయతీ కూర్చుని ఒప్పుకోవాలి. అనంతపురం రైతులు దేశానికంతటికీ స్టైలో విత్తనం పండించి ఇచ్చారు, ఆ విత్తనం వాళ్ల సొంత గుట్టల మీదా చల్లొచ్చు. కానీ ఆ వాలును ఎన్నాళ్లు మూసి ఉంచాలో, ఆ రోజుల్లో మంద ఎటు పోవాలో ముందే తేల్చకుండా చల్లిన విత్తనం మొదటి వారంలోనే గొర్రెల పాలవుతుంది. ఇందులో పశువైద్యుడి పాత్ర ఎంతవరకు అన్నది నాకంటే క్షేత్రంలో ఉన్న మీరే బాగా చెప్పగలరు, అందుకే ప్రశ్నలకు కొంత సమయం వదిలాను.